బండల మీదికి కార్బన్ ఫుల్ సస్పెన్షన్ సైకిల్ ఫ్రేమ్: 120 మి.మీ. ట్రావెల్ చాలా, 140 కావాలా?

ప్రశ్న: మొరందారి (నల్లగండ్ల)

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా అల్యూమినియం హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని కొండదారి సైకిల్) నడుపుతున్నాను. వారాంతాల్లో గండిపేట చెరువు వెనుక మొరం బాటలు, ఖాజాగూడ గుట్టల అంచులు నా దారులు. వీలు చిక్కినప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవికి వెళ్తుంటాను. మన దగ్గర కొండ అంటే పెద్ద ఎత్తేమీ ఉండదు కానీ, ఎక్కే కొద్దిపాటి ఎత్తంతా మెట్లు మెట్లుగా ఉన్న బండల మీదే ఎక్కాల్సి వస్తుంది. జానెడు ఎత్తున్న బండ అంచుకు వెనక చక్రం తగిలిన ప్రతిసారీ జీను నన్ను ముందుకు తోస్తుంది, తొక్కుడు లయ తప్పుతుంది, కాలు కింద పెట్టవలసి వస్తుంది. అందుకని ముందూ వెనకా సస్పెన్షన్ ఉండే ఫుల్ సస్పెన్షన్ ఫ్రేమ్ కొని, ఉన్న భాగాల్లో పనికొచ్చేవాటిని దానికి మార్చుకుందామని నిశ్చయించుకున్నాను.

రెండు ఫ్రేములు అందుబాటులో ఉన్నాయి. కంపెనీల పేర్లు చెబితే చర్చ వాటి మీదికి మళ్లుతుంది కాబట్టి కొలతలే చెబుతాను. మొదటిది కొత్తది, ముందూ వెనకా మొత్తం కార్బన్. వెనక ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) 120 మి.మీ., షాక్ కొలత 190×45 (మొత్తం పొడవు, కుంగే దూరం మి.మీ.లో), హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు) 67 డిగ్రీలు, ముందు 120 ఫోర్క్. దీనికి వెనక ఇరుసు దగ్గర పివట్ (కదిలే కీలు) లేదు. సీట్‌స్టేలు (జీను వైపు నుంచి వెనక ఇరుసుకు దిగే కడ్డీలు) పలుచగా, బల్లపరుపుగా ఉండి అవే కొద్దిగా వంగుతాయట. రెండోది ఒకరు వాడి అమ్ముతున్నది. ముందు త్రికోణం కార్బన్, వెనక భాగం అల్యూమినియం, ట్రావెల్ 140 మి.మీ., షాక్ 210×55, హెడ్ యాంగిల్ 65.5, ముందు 150 ఫోర్క్, చైన్‌స్టే (పెడళ్ల వైపు నుంచి వెనక ఇరుసుకు పోయే కింది కడ్డీ) మీద ఇరుసుకు కాస్త ముందుగా పివట్ ఉన్న నాలుగు కడ్డీల అమరిక. రెండూ 29 అంగుళాల చక్రాలవే. నా బరువు 78 కిలోలు, ఎత్తు 174 సెం.మీ., రీచ్ (ఫ్రేము ముందుకు చాచే నిడివి) రెండింటిలోనూ నాకు సరిపోతుంది.

నాకు అర్థం కానివి ఇవి. నేను ఎక్కే మెట్ల బండలకు 20 మి.మీ. అదనపు ట్రావెల్ నిజంగా పనికొస్తుందా, లేక బరువుగానే మిగిలిపోతుందా? మన ఎండల్లో, మన రాళ్ల మధ్య కార్బన్ ఎంతవరకు నిలుస్తుంది? వంగే సీట్‌స్టేలను నమ్మవచ్చా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: రెండో గేరు (సైనిక్‌పురి)

మొరందారి గారూ, మీరు వర్ణించిన ఇబ్బందిలో ట్రావెల్ ఎంత అన్నదానికంటే, తొక్కుతున్నప్పుడు చైన్ ఆ సస్పెన్షన్‌ను ఏం చేస్తుంది అన్నదే ముఖ్యం. కార్బనా, అల్యూమినియమా అన్నది ఆ తర్వాతి మాట. కాబట్టి ముందు చైన్ సంగతి చూద్దాం.

మనం పెడల్ నొక్కగానే శరీర భారం వెనక్కి జరిగి వెనక సస్పెన్షన్ కుంగబోతుంది. అదే సమయంలో బిగిసిన చైన్, స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని మోసే కదిలే భాగాన్ని) కిందికి నెట్టి సస్పెన్షన్‌ను చాచబోతుంది. ఈ రెండో బలం మొదటిదాన్ని ఎంతవరకు అడ్డుకుంటుందో చెప్పే లెక్కనే యాంటీ స్క్వాట్ అంటారు. అది నూరు శాతం దగ్గర ఉంటే, తొక్కుతున్నప్పుడు వెనక భాగం ఊగదు. బాగా తక్కువైతే ప్రతి తొక్కుడుకూ కుంగుతూ లేస్తూ శక్తి వృథా అవుతుంది. అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. యాంటీ స్క్వాట్ ఎక్కువ ఉన్న డిజైన్లలో సాధారణంగా చక్రం పైకి లేచేకొద్దీ వెనక ఇరుసుకూ బాటమ్ బ్రాకెట్‌కూ (పెడళ్ల ఇరుసు తిరిగే గూడుకూ) మధ్య దూరం ఎక్కువగా పెరుగుతుంది, చైన్ సాగదు కాబట్టి క్రాంక్‌ను (పెడల్ కడ్డీని) వెనక్కి లాగుతుంది. దాన్నే పెడల్ కిక్‌బ్యాక్ అంటున్నాం.

వేగంగా దిగుతున్నప్పుడు ఈ కిక్‌బ్యాక్ పెద్దగా తెలియదు, ఎందుకంటే చక్రం ముందుకు తిరిగే వేగమే ఆ లాగుడును మింగేస్తుంది. నడక వేగంతో, వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీద చైన్ పెట్టుకొని, బండ మెట్టు ఎక్కుతున్నప్పుడు మాత్రం అది నేరుగా పాదానికి తగులుతుంది. పళ్లచక్రం పెద్దదయ్యే కొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. మీరు ఎక్కేది సరిగ్గా ఆ గేరులోనే. ముందు 32 పళ్ల చైన్‌రింగ్ తీసి 30 పళ్లది వేసుకున్నా చాలా డిజైన్లలో యాంటీ స్క్వాట్ కాస్త పెరుగుతుంది, దానితోపాటు కిక్‌బ్యాక్ కూడా పెరుగుతుంది. గేరు తేలిక చేసుకుందామని ఆ మార్పు చేసేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోరు.

దీన్ని కాగితం మీది లెక్కతో కాకుండా కంటితోనే చూసుకోవచ్చు. ఆ రెండు ఫ్రేముల్లో దేనితోనైనా పూర్తిగా బిగించిన బండి దొరికితే, షాక్‌లోని గాలి తీసేయండి, చైన్‌ను అతి పెద్ద పళ్లచక్రం మీదికి తెచ్చి వెనక బ్రేకు పట్టుకోండి, ఇప్పుడు జీను మీద బరువు వేసి నెమ్మదిగా కిందికి నొక్కండి. క్రాంక్ వెనక్కి తిరగడం మీకే కనిపిస్తుంది. ట్రావెల్ మొదటి మూడో వంతులో అది ఎంత తిరిగిందో చూసుకోండి, ఎందుకంటే ఎక్కుడులో మీరు ఎక్కువగా ఉండేది ఆ భాగం చుట్టుపక్కలే. చివరి భాగంలో ఎంత తిరిగినా మీకు బాధ లేదు.

ఇక హ్యాండ్లింగ్ సంగతి. 67 డిగ్రీలకూ 65.5కూ తేడా చూడటానికి ఒకటిన్నర డిగ్రీలే. అయితే 29 అంగుళాల చక్రానికి సుమారు 370 మి.మీ. వ్యాసార్థం, 44 మి.మీ. ఫోర్క్ ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే గీతకు ముందు ఇరుసు ఎంత ముందుకు ఉందో ఆ దూరం) అనుకొని ట్రెయిల్ (ఆ గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం) లెక్క వేస్తే, మొదటిదానికి 109 మి.మీ., రెండోదానికి 120 మి.మీ. వస్తుంది. ట్రెయిల్ పెరిగితే వేగంలో ముందు చక్రం స్థిరంగా, రాళ్లు తోసినా పట్టు తప్పకుండా వెళ్తుంది. కానీ నడక వేగంలో హ్యాండిల్ ఒక పక్కకు ఒరిగిందంటే ఆ పక్కకే పడిపోవాలని చూస్తుంది. ఖాజాగూడ వైపు రెండు గుండ్ల మధ్య ఇరుకు సందులో నుంచి ఎక్కేటప్పుడు ఈ తేడా మీ మోచేతులకు తెలుస్తుంది. పైగా ఎక్కుడులో వెనక సస్పెన్షన్ ఇంకాస్త కుంగుతుంది, ముందు ఫోర్క్ తేలికపడి లేస్తుంది, దాంతో కాగితం మీది 65.5 డిగ్రీలు దారిలో మరింత వాలుతాయి. 140 ఫ్రేములో ఈ వాలడం సహజంగానే ఎక్కువ.

బ్రేకు విషయంలో కూడా రెండూ ఒకటి కావు. వంగే సీట్‌స్టేల ఫ్రేము లెక్కకు సింగిల్ పివట్ (వెనక ఇరుసు ఒకే కీలు చుట్టూ కదిలే అమరిక) కిందికే వస్తుంది, కాబట్టి వెనక బ్రేకు పట్టినప్పుడు సస్పెన్షన్ కొంత కుంగి బిగుసుకుంటుంది. చైన్‌స్టే మీద పివట్ ఉన్న అమరికలో ఈ ప్రభావం తక్కువ, బ్రేకు పట్టినా చక్రం రాళ్లను అనుసరిస్తూనే ఉంటుంది. ఈ అమరికకు దాని రూపకర్త హోర్స్ట్ లైట్నర్ పేరు మీదుగా హోర్స్ట్ లింక్ అని పేరు. దాని పేటెంటును స్పెషలైజ్డ్ సైకిళ్ల సంస్థ 1998లో కొనుక్కుంది, 2013లో అమెరికాలో ఆ పేటెంటు గడువు తీరాక చాలా కంపెనీలు దాన్ని స్వేచ్ఛగా వాడుకోవడం మొదలుపెట్టాయి. వాడిన ఫ్రేముల బజారులో ఇప్పుడు అది ఇంత విరివిగా కనిపించడానికి అదీ ఒక కారణం. అయితే బ్రేకు ప్రభావం తక్కువగా ఉండటం అన్నివేళలా మేలేనని అనలేను. నిట్టనిలువు బండ మీద బ్రేకులు పట్టి నెమ్మదిగా దిగేటప్పుడు, వెనక భాగం కుంగి ఉంటేనే బండి ముందుకు తిరగబడదన్న ధైర్యం కలుగుతుంది.

మొత్తం మీద నా మొగ్గు 120 ఫ్రేము వైపే. తయారీదారు అనుమతిస్తే ముందు 130 ఫోర్క్ వేసుకోండి, హెడ్ యాంగిల్ సుమారు అర డిగ్రీ వాలి దిగుడులో కాస్త నిలకడ చేకూరుతుంది. అనుమతించకపోతే వేయకండి. పొడవైన ఫోర్క్ హెడ్‌ట్యూబ్ (ఫోర్క్ బిగించే ముందు గొట్టం) మీద పెంచే భారం చిన్నదేమీ కాదు.

జవాబు: పొరలు–రెసిన్ (ఆదిబట్ల)

కాంపోజిట్ భాగాల తయారీ నా వృత్తి, సైకిల్ నా అలవాటు. పై జవాబులో చైన్ గురించి చెప్పినదంతా ఒప్పుకుంటున్నాను. కార్బన్ గురించి అడిగినదానికి మాత్రం నేను చెబుతాను.

కార్బన్ ఫ్రేము అంటే ఒక లోహాన్ని తీసేసి మరొక లోహం పెట్టినట్టు కాదు. అల్యూమినియానికి అన్ని దిక్కుల్లో ఒకటే బిగువు (వంగకుండా, సాగకుండా నిలిచే గుణం), సుమారు 70 గిగాపాస్కల్. టోరే కంపెనీ వారి టీ700 తరగతి కార్బన్ పోగు తన నిడివి దిక్కున 230 గిగాపాస్కల్ బిగువు చూపిస్తుంది. దాన్ని ఎపాక్సీ రెసిన్‌తో కలిపి ఒకే దిక్కుగా పరిచినప్పుడు పోగుల దిక్కున అది 130 ప్రాంతానికి వస్తుంది, అడ్డంగా చూస్తే 10కి అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. అందువల్ల డిజైనర్ డౌన్‌ట్యూబ్ (ముందు నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) వంగకుండా నిలువు పొరలు, మెలి తిరగకుండా 45 డిగ్రీల ఏటవాలు పొరలు, నలగకుండా చుట్టు పొరలు ఎక్కడెక్కడ ఎన్నెన్ని వేయాలో నిర్ణయిస్తాడు. హెడ్‌ట్యూబ్, బాటమ్ బ్రాకెట్, షాక్ బిగించే చోటు, ప్రధాన పివట్ చుట్టూ మందం ఎక్కువ. డౌన్‌ట్యూబ్ నడిమి భాగం, టాప్‌ట్యూబ్ (పై గొట్టం) పక్కలు పలుచన. టాప్‌ట్యూబ్‌ను రిపేర్ స్టాండు దవడల్లో గానీ, కారు క్యారియర్ పట్టులో గానీ బిగించవద్దని గట్టిగా చెప్పేది ఇందుకే; ఎప్పుడైనా సీట్‌పోస్టునే పట్టించండి.

వంగే సీట్‌స్టేల మీద మీ అనుమానం సహజమే. నేను ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తాను. సీట్‌స్టే పలుచని చోట మందం 6 మి.మీ., వంగే నిడివి 150 మి.మీ., మొత్తం ట్రావెల్‌లో అది వంగేది 3 డిగ్రీలు అనుకోండి. అప్పుడు పై పొరలో సాగుడు వెయ్యికి ఒక వంతు, అంటే 0.1 శాతం. ఇలాంటి కార్బన్ పొర తెగడానికి ఒకటిన్నర శాతం దాకా సాగాలి. ఇంత దూరపు తేడా ఉన్నప్పుడు పదేపదే వంగడం వల్ల అలసి విరగడం కార్బన్‌కు సమస్య కాదు. అదే అల్యూమినియంతో చేసి ఉంటే నేను కూడా వెనకాడేవాణ్ని, ఎందుకంటే దానికి అలసటలో సురక్షితమైన కింది హద్దు అంటూ లేదు. చిన్న భారమైనా లెక్కలేనన్నిసార్లు పడితే పగులు మొదలవుతుంది. వంగే సీట్‌స్టేలు ఎక్కువగా 120 మి.మీ. చుట్టుపక్కల ట్రావెల్ ఉన్న ఫ్రేముల్లోనే కనిపించడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది. ట్రావెల్ పెరిగితే వంపు కోణం పెరుగుతుంది, ఆ వంపు తనే ఒక స్ప్రింగ్ అయి షాక్ అమరికను చెడగొడుతుంది.

అసలు భయపడవలసింది దెబ్బలకు. కార్బన్ పొరలను ఒకదానికొకటి అతికి ఉంచేది రెసిన్ మాత్రమే, పొరల మధ్య పోగులేమీ ఉండవు. ముందు చక్రం ఎగజిమ్మిన రాయి డౌన్‌ట్యూబ్ కింద తగిలినప్పుడు పైకి గీతలా కనిపించే చోట, లోపలి పొరలు అరచేయంత మేర విడిపోయి ఉండవచ్చు. విమాన భాగాల తనిఖీలో మాకు కంటికి కనిపించే పగులు కంటే కనీకనిపించని ఇలాంటి దెబ్బతోనే ఎక్కువ పని. ఒక రూపాయి నాణెంతో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే, అతికి ఉన్న చోట టకటకమని స్పష్టమైన శబ్దం, విడిన చోట బొదబొదమని చచ్చు శబ్దం వస్తుంది. పలుచని గొట్టాల మీద ఈ పరీక్ష చాలా వరకు నమ్మదగినదే. మందం మారే చోట, లోపల అల్యూమినియం తొడుగులు ఉన్న చోట మాత్రం శబ్దం తనంతట తానే మారుతుంది, అక్కడ అల్ట్రాసౌండ్ పరీక్ష తప్ప దారి లేదు.

ఎండ గురించి చాలామంది అవసరానికి మించి భయపడుతున్నారు. సాధారణంగా సైకిల్ ఫ్రేముల ఎపాక్సీని 120 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో గట్టిపరుస్తారు, అది మెత్తబడే ఉష్ణోగ్రత నూరు దాటే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం నల్ల ఫ్రేమును ఎండలో నిలబెట్టినా దాని పైభాగం 65 లేదా 70 దాకా పోతుంది, అంతే. కానీ కారు వెనక క్యారియర్ మీద బండి కట్టి, సైలెన్సర్ గొట్టం నోటికి ఎదురుగా చైన్‌స్టేనో, చక్రమో వచ్చేలా అనంతగిరి దాకా తీసుకువెళ్తే అది వేరే సంగతి. ఆ పొగ వేడి ఏ రెసిన్‌నైనా మెత్తబరచగలదు.

ఎండ నిజంగా మార్చేది షాక్‌ను. తెల్లవారుజామున 24 డిగ్రీల్లో 180 పీఎస్ఐ గాలి పెట్టుకున్నారనుకోండి. షాక్ 44 డిగ్రీలకు చేరాక అందులో 193 దాకా ఉంటుంది. మీ స్యాగ్ (మీరు ఎక్కి కూర్చోగానే సస్పెన్షన్ కుంగే మేర) తగ్గి వెనక భాగం గట్టిగా అనిపిస్తే, ఫ్రేమును తిట్టుకోకుండా ముందు పంపు తగిలించి చూడండి.

జవాబు: స్పానర్ (సికింద్రాబాద్)

పెద్దలు ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి, నేను పని బల్ల దగ్గరి మాట చెబుతాను. నా ఓటు 140 ఫ్రేముకే.

మన దారుల్లో ఫ్రేమును తినేది రాయి కాదు, మొరం దుమ్ము. వానాకాలంలో అనంతగిరి ఎర్రమట్టి నీళ్లతో కలిసి పివట్ బేరింగుల సీల్ లోపలికి చేరి ఎండిపోతుంది. తర్వాత బేరింగ్ తిరగదు, గరగరమంటుంది; పట్టించుకోకపోతే ఇరుసు అరుగుతుంది, ఆపైన బేరింగ్ కూర్చునే గూడే వదులవుతుంది. గూడు అల్యూమినియంలో ఉంటే కొంతవరకు చేయగలిగింది ఉంటుంది. కార్బన్‌లో నేరుగా మలిచిన గూడు వదులైతే నేను చేతులెత్తేస్తాను. కాబట్టి మీరు ఏ ఫ్రేము తీసుకున్నా, కార్బన్ భాగంలో బేరింగ్ కూర్చునే చోట అల్యూమినియం తొడుగు ఉందో లేదో అడగండి. తొడుగు ఉన్నా దానికీ కార్బన్‌కూ మధ్య గాజుపోగు పొర వేసి ఉండాలి, లేకపోతే చెమట, నీరు చేరినప్పుడు అల్యూమినియం తెల్లగా పూసి తినేస్తుంది. మన ఊరి ఉక్కలో టాప్‌ట్యూబ్ మీదుగా కారే చెమట తక్కువేం కాదు.

బాటమ్ బ్రాకెట్ మర తిప్పి బిగించేదైతే మంచిది, నొక్కి కూర్చోబెట్టేదైతే కొన్నాళ్లకు కిర్రుమనడం మొదలవుతుంది. డీరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే వెనక పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) సైకిల్ భాగాల సంస్థ స్రామ్ వారు 2019లో తెచ్చిన యూడీహెచ్ అనే ఉమ్మడి రకమా అని చూసుకోండి, ఎందుకంటే రాయికి తగిలి విరిగినప్పుడు అది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, పాత రకాలకు నెలల తరబడి ఎదురుచూసినవారున్నారు. సీట్‌పోస్టు క్లాంపు మీద రాసి ఉన్న టార్క్‌కే బిగించాలి. సాధారణంగా అది 5 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పోస్టు జారుతోందని ఇంకా బిగించకుండా కార్బన్ పేస్టు (పట్టు పెంచే గరుకు పేస్టు) రాయండి. ఎల్ కీతో చేతి అంచనా మీద బిగించి చీల్చుకున్న సీట్‌ట్యూబులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

140కి ఓటు ఎందుకంటే, దాని వెనక భాగం అల్యూమినియం. రాళ్ల మధ్య పక్కకు పడిపోయినప్పుడు వెనక భాగానికీ దెబ్బలు తగులుతాయి. అల్యూమినియం సొట్ట పడితే సొట్ట కంటికి కనిపిస్తుంది, వెనక భాగం మొత్తం విడిగా దొరికితే మార్చుకోవచ్చు. వంగే సీట్‌స్టే మీద రాయి తగిలితే అది వంగాల్సిన చోటే దెబ్బ తిన్నట్టు. పొరలు–రెసిన్ గారి లెక్క దెబ్బ లేని సీట్‌స్టేకు వేసిన లెక్క.

మళ్లీ: మొరందారి

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండో గేరు గారు చెప్పిన పరీక్షను 140 ఫ్రేము అమ్ముతున్న వారి ఇంట్లోనే చేసి చూశాను, వారు ఓపికగా సహకరించారు. ట్రావెల్ మొదటి భాగంలో క్రాంక్ కదలిక చాలా తక్కువ, సగం దాటాక మాత్రం స్పష్టంగా వెనక్కి తిరిగింది. కొత్త ఫ్రేముకు బిగించిన బండి ఊళ్లో ఎక్కడా దొరకలేదు కాబట్టి పోల్చలేకపోయాను.

డౌన్‌ట్యూబ్ కింద రబ్బరు రక్షణ పలక ఉంది. విప్పించి చూస్తే, దాని అంచుకు కాస్త పైన, చిటికెన వేలి గోరంత మేర పెయింట్ లేచిపోయి కింద నల్లటి అల్లిక కనిపిస్తోంది. గోటితో గీస్తే గోరు ఎక్కడా ఇరుక్కోవడం లేదు. నాణెంతో తట్టినప్పుడు శబ్దంలో తేడా నాకు తెలియలేదు, అయితే నా చెవిని నేను అంతగా నమ్మను. దీన్ని ఎలా తీసుకోవాలి? ఇంకొక సందేహం: 140 మి.మీ. ఫ్రేములో స్యాగ్‌కు కుంగాక పెడల్ బండలకు తగలడం ఎక్కువవుతుందా? దీని బాటమ్ బ్రాకెట్ ఎత్తు 342 మి.మీ., కొత్తదానిది 335.

జవాబు: పొరలు–రెసిన్

పెయింట్ లేచి, అల్లిక నున్నగా ఉండి, గోరు ఇరుక్కోకపోతే అది పైపూతకు తగిలిన దెబ్బ అయ్యే అవకాశమే ఎక్కువ. పైకి కనిపించే ఆ అల్లిక చాలా ఫ్రేముల్లో అందం కోసం వేసిన పొర, బలం మోసే పొరలు దాని కింద ఉంటాయి. అయినా రెండు పనులు చేయండి. చీకటి గదిలో టార్చిని గొట్టానికి ఆనించి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకొని ఆ చోటు చుట్టూ చూడండి. పొరలు విడి ఉంటే ఉపరితలం కొద్దిగా ఉబ్బి ఆ వెలుతురులో నీడ పడుతుంది. తర్వాత బొటనవేలితో గట్టిగా నొక్కి, అదే గొట్టం మీద ఎదుటి పక్కన అంతే ఎత్తులో నొక్కినప్పుడు తగిలే గట్టిదనంతో పోల్చండి. చెవిని నమ్మకపోతే నాణెం పరీక్షను ఫోన్‌లో రికార్డు చేసి, తట్టే బలం మార్చకుండా రెండు పక్కలవీ వరుసగా వినండి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా అనిపించినా అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాకే డబ్బు ఇవ్వండి. డౌన్‌ట్యూబ్ నడిమి భాగంలోని దెబ్బను బాగుచేయడం కూడా అసాధ్యమేమీ కాదు. చెడిన పొరలను ఏటవాలుగా అరగదీసి, అదే దిక్కుల్లో కొత్త పొరలు వేసి, ఒత్తిడి కింద గట్టిపరిస్తే చాలా వరకు పాత బలం వస్తుంది. అదే దెబ్బ షాక్ బిగించే చోటుకో, ప్రధాన పివట్‌కో, హెడ్‌ట్యూబ్ కలిసే చోటుకో దగ్గరగా ఉంటే మాత్రం బాగుచేయించి నడపమని నేను ఎవరికీ చెప్పను. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది వాటికి దూరంగానే ఉంది.

స్పానర్ గారు వంగే సీట్‌స్టే మీద చెప్పిన మాట న్యాయమైనది, దెబ్బ తగిలాక నా లెక్క చెల్లదు. అయితే ఆ దెబ్బ తగిలే అవకాశం సీట్‌స్టేకు తక్కువ, చైన్‌స్టేకూ డీరైలర్‌కూ ఎక్కువ. రాయి ఎత్తును బట్టి చూసినా, బండి పడే తీరును బట్టి చూసినా అంతే.

జవాబు: రెండో గేరు

పెడల్ లెక్క చూద్దాం. బండి కుంగినప్పుడు బాటమ్ బ్రాకెట్ దిగేది ముందు స్యాగ్‌కూ వెనక స్యాగ్‌కూ సుమారు సగటు. 140 ఫ్రేములో వెనక 30 శాతం అంటే 42 మి.మీ., ముందు 150లో 20 శాతం అంటే 30, సగటు 36. అప్పుడు 342లో 306 మిగులుతుంది. 120 ఫ్రేములో వెనక 25 శాతం అంటే 30, ముందు 24, సగటు 27; 335లో 308 మిగులుతుంది. అంటే కూర్చున్నాక రెండూ దాదాపు ఒకటే. కానీ మెట్టు ఎక్కి దిగేటప్పుడు 140 ఇంకా లోతుకు వెళ్లగలదు కాబట్టి పెడల్ తగలడం కొంచెం ఎక్కువే అవుతుంది. క్రాంక్ 175 ఉంటే 165కి మారండి, 10 మి.మీ. అక్కడే కలిసివస్తుంది. మీ ఎత్తుకు 165 ఏమీ చిన్నది కాదు.

మొదటి భాగంలో క్రాంక్ కదలిక తక్కువని మీరు చూశారు కాబట్టి, 140 మీద నా అభ్యంతరంలో సగం పోయింది. మిగిలినది హెడ్ యాంగిల్. దానికి ఒక ఉపాయం ఉంది. జీనును పట్టాల మీద కాస్త ముందుకు జరిపి, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) 40 మి.మీ. ప్రాంతంలో ఉంచుకుంటే, ఎక్కుడులో మీ భారం ముందు చక్రం మీద నిలిచి అది అటూఇటూ తిరగడం తగ్గుతుంది. షాక్‌లో 30 శాతం బదులు 27, 28 దగ్గర మొదలుపెట్టండి, 55 మి.మీ. స్ట్రోకులో అది 15 మి.మీ., షాక్ మీది రబ్బరు ఓ-రింగుతో సులువుగా కొలవవచ్చు. పొడి బండ మీద గ్రానైట్ గరుకు రవ్వ టైరును బాగానే పట్టుకుంటుంది, కాబట్టి మెట్టు ఎక్కేటప్పుడు జారుతుందన్న భయంతో స్యాగ్ ఎక్కువ పెట్టుకోనక్కరలేదు. బండ మీద మొరం పరుచుకుని ఉన్న చోట మాత్రం గోలీల మీద నడిచినట్టే, అక్కడ ఏ సస్పెన్షనూ కాపాడదు, టైరు గాలి తగ్గించుకోవడమే మార్గం.

జవాబు: స్పానర్

కొనేటట్టయితే బేరం కుదిరే ముందు ఒక పని చేయించండి. షాక్‌ను ఒక చివర విప్పి, వెనక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ కదపండి. ఎక్కడా పట్టేయకుండా, గరగరమనకుండా తన బరువుకు తానే కిందికి దిగాలి. ఆ తర్వాత షాక్ తిరిగి బిగించి, బండిని నేల మీద నిలిపి, ఒక చేత్తో జీను వెనక భాగాన్ని మెల్లగా పైకెత్తుతూ రెండో చేతి వేళ్లను పివట్ల మీద ఉంచండి. వదులు ఉంటే ముందుగా వేలికి తెలుస్తుంది. వదులు షాక్ చివర బుష్‌లో ఉంటే ఖర్చు తక్కువ, ప్రధాన పివట్‌లో ఉంటే బేరింగులన్నీ మార్చే ఖర్చును ధరలో తగ్గించమనండి. పివట్ బోల్టులకు ఫ్రేము తయారీదారు ఇచ్చిన టార్క్ పట్టిక ఉంటుంది, అది అమ్మే వ్యక్తి దగ్గర లేకపోతే మోడల్ పేరు, సంవత్సరం ఇక్కడ రాయండి, వెతికి పెడతాను. పాత కొనుగోలు రసీదు ఉంటే అడిగి తీసుకోండి, అయితే వారంటీ మొదటి యజమానికే చెల్లుతుందని చాలా కంపెనీలు రాసుకుంటాయి కాబట్టి దాని మీద ధర పెంచనివ్వకండి.